తంగేడు కషాయంలో బంగారం

సీసం కలిసిన నీళ్లు తేటగానే ఉంటాయి. కాడ్మియం కలిసినా అంతే. రంగు మారదు, వాసన రాదు, నాలుకకు తెలియదు. పశువు మూతి ముంచి వెనక్కి తీసుకుంటే ఆ నీళ్లు తాగొద్దని మా పెద్దలు చెప్పేవాళ్లు. ఉప్పదనమో మురుగో అయితే పశువు కనిపెడుతుంది. లీటరు నీటిలో ఉన్న 10 మైక్రోగ్రాముల సీసాన్ని మాత్రం ఎద్దూ పసిగట్టలేదు, మనిషీ పసిగట్టలేడు. మన దేశంలో తాగునీటి ప్రమాణాలు చెప్పే ఐ.ఎస్. 10500 సీసానికి గీసిన గీత సరిగ్గా అదే, లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఒక గ్రాము సీసం లక్ష లీటర్లలో కరిగితే ఆ పాలు వస్తుంది. కాడ్మియానికి గీత 3 మైక్రోగ్రాములు. పాదరసానికి ఒక్కటి.

కాచి తాగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి. సీసం ఎక్కడికీ పోదు, పైగా నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ చిక్కబడుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. దానికి ఇంతవరకైతే ఫరవాలేదనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కాడ్మియం మూత్రపిండాల్లో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. జపాన్‌లోని మినమాటాలో పాదరసం చేపల ద్వారా మనుషుల నరాల్లోకి చేరి తెచ్చిన జబ్బు 1956లో బయటపడింది. అక్కడ కూడా సముద్రపు నీళ్లు చూడటానికి మామూలుగానే ఉన్నాయి.

ఎల్లారెడ్డిలో ఇంటర్ పిల్లలకు నేను కెమిస్ట్రీ చెప్తాను. మా పుట్టిల్లు నిజాంసాగర్ వెనక నీళ్ల అంచున ఒక చిన్న ఊరు. అక్కడ మా పెద్దబాపు ఇప్పటికీ వల వేస్తాడు. నేను పోయినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే. "బిడ్డా, గంత చదువుకున్నవు. గీ నీళ్లల్ల ఏమన్న ఉన్నదా లేదా, అది చెప్పరాదు?" ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మంజీర వచ్చే దారి తెలిసినవాళ్లెవరైనా అడగాల్సిన ప్రశ్నే అది.

మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటక మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది. సింగూరు దాటి, మంజీర బ్యారేజీ దాటాక, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చే నక్కవాగు అందులో కలుస్తుంది. అక్కడి నుంచి ఘనపురం ఆనకట్ట, ఏడుపాయల, ఆ తర్వాత 1923లో మొదలై 1931లో పూర్తయిన మా నిజాంసాగర్. హైదరాబాద్ ఎన్నో ఏళ్లుగా తాగిన మంజీర నీళ్లు నక్కవాగు కలవకముందువి. మా వైపు వచ్చేవి కలిసిన తర్వాతివి. ఇప్పుడు ఇళ్లకు నల్లా నీళ్లు వస్తున్నాయి, నిజమే. కానీ వరి తాగేది, బర్లు తాగేది, చేపలు బతికేది ఈ నీళ్లలోనే.

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు 1970ల నుంచి పెరిగాయి. మందుల కంపెనీలు, రసాయన ఫ్యాక్టరీలు, లోహపు పనుల యూనిట్లు పక్కపక్కనే వెలిశాయి. వాగు రంగు మారింది, బావుల నీళ్లు చెడిపోయాయి. 1990లో ఆ ఊళ్ల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసు హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారుతూ దశాబ్దాలు నడిచింది. పటాన్‌చెరు నేలల్లో భారలోహాలు పేరుకున్న తీరు మీద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లో పరిశోధన పత్రం వేశారు. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ లెక్క చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని 18 కిలోమీటర్ల పైప్‌లైన్‌తో హైదరాబాద్‌లోని అంబర్‌పేటకు తరలించే ఏర్పాటు కూడా జరిగింది.

ఇవన్నీ పెద్ద సంస్థలు పెద్ద యంత్రాలతో తేల్చిన విషయాలు. ఆ యంత్రాలలో ఒకటి అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్. ఇంకా సూక్ష్మంగా చూసేది ఐ.సి.పి.-ఎం.ఎస్. లీటరులో మైక్రోగ్రాములో వెయ్యో వంతు లోహాన్ని కూడా అది చూడగలదు. లక్షలు, కోట్లు పెట్టి కొనాలి. దాన్ని నడపడానికి ఆర్గాన్ గ్యాసు, ఏసీ గది, చేయి తిరిగిన మనిషి కావాలి. కాబట్టి అది పట్నంలోనే ఉంటుంది. ఊళ్లలో వాడే నీటి పరీక్ష కిట్లు సాధారణంగా పీహెచ్, గరుకుదనం, క్లోరైడ్, ఫ్లోరైడ్, ఇనుము, నైట్రేట్ వంటివి చెప్తాయి. సీసం, కాడ్మియం, పాదరసం వాటి లెక్కలో ఉండవు.

ఏలూరులో 2020 డిసెంబరులో జరిగింది గుర్తుందా? జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కారణం నీళ్లా, పాలా, కూరగాయలా, గాలా అన్నది తెలియక ఊరంతా బిక్కుబిక్కుమంది. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. ఆ రోజుల్లో పేపర్లు చదువుతుంటే నాకు ఒక్కటే బాధ. బిందె ముందు పెట్టుకున్న తల్లికి, ఇది తాగొచ్చా వద్దా అని ఆ పూటకు చెప్పే సాధనం మన దగ్గర లేదు. బంగారు నానో రేణువుల మీద నాకు ఆసక్తి మొదలైంది అప్పుడే.

అరిసెలు చేసేవాళ్లు పాకం ముదిరిందో లేదో తేల్చడానికి థర్మామీటరు వెతుక్కోరు. ఒక చుక్క నీళ్లలో వేస్తారు, ఉండ కడితే దించేస్తారు. భారలోహాలకు అలాంటి పరీక్ష ఒకటి ఉంటే వాగు ఒడ్డునే, నిలుచున్న చోటే జవాబు వస్తుంది. ఆ పని బంగారం చేయగలదు. అయితే అది నగల బంగారం కాదు.

నగలో ఉన్న బంగారం పసుపు. అదే బంగారాన్ని 20 నానోమీటర్ల గుండ్లుగా చేసి నీళ్లలో నిలిపితే నీళ్లు ఎర్రబడతాయి. మిల్లీమీటరులో పదిలక్షో వంతు ఒక నానోమీటరు. అంత చిన్న గుండులో కూడా సుమారు రెండున్నర లక్షల బంగారు పరమాణువులు ఉంటాయి. లోహంలో ఏ పరమాణువుకూ కట్టుబడకుండా తిరిగే ఎలక్ట్రాన్లు ఉంటాయని ఇంటర్ పుస్తకంలోనే ఉంది. వెలుగు పడగానే అవి ఒక్కుమ్మడిగా ఊగుతాయి. రేణువు ఇంత చిన్నదైనప్పుడు ఆ ఊపు 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగుతో కలిసిపోతుంది, రేణువులు ఆ వెలుగును మింగేస్తాయి. మిగిలిన ఎరుపు మన కంటికి చేరుతుంది. ఇప్పుడు రేణువులు ఒకదానికొకటి బాగా దగ్గరికి జరిగాయనుకోండి. ఒకదాని ఊపు రెండోదాన్ని తాకుతుంది. అప్పుడు మింగే వెలుగు 600 నానోమీటర్లు దాటి ఎరుపు వైపు జరుగుతుంది. ఎరుపును మింగేశాక కంటికి మిగిలేది నీలం. బంగారం ఏమీ తగ్గలేదు, పెరగలేదు. రేణువుల మధ్య దూరం మాత్రమే మారింది. ఆ దూరం మనకు రంగుగా కనిపిస్తుంది.

1850లలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఈ ఎర్ర బంగారపు నీళ్లను తయారుచేశాడు. ఆయన సీసాలు ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉన్నాయి. కొంచెం ఉప్పు వేస్తే ఎరుపు నీలం తిరుగుతుందని కూడా ఆయనే గమనించాడు. ఈ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మా బోరు నీళ్ల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

రేణువుల చుట్టూ సేంద్రియ అణువుల పొర ఒకటి కప్పితే అవి విడివిడిగా నిలుస్తాయి. ఆ పొరలో సీసం లాంటి లోహపు అయాన్లను పట్టుకునే గుంపులు ఉంటే, రెండు ధనావేశాలున్న సీసం అయాను అటు ఒక రేణువు పొరను, ఇటు ఇంకో రేణువు పొరను పట్టుకుంటుంది. రెండూ దగ్గరవుతాయి, ఎరుపు నీలమవుతుంది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2001లో సీసం, కాడ్మియం, పాదరసాలకు ఈ సూత్రాన్ని వాడి చూపించారు.

మొక్క పాత్ర ఆ పొర దగ్గరే. బంగారు రేణువుల తయారీకి ముడి సరుకు క్లోరోఆరిక్ ఆమ్లం. అందులో బంగారం మూడు ధనావేశాలతో అయానుగా ఉంటుంది. దానికి ఎలక్ట్రాన్లు ఇస్తే లోహంగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఇచ్చేవి, పుట్టిన రేణువు మీద పొరగా కప్పుకునేవి, రెండూ ఆకు కషాయంలోనే ఉన్నాయి. పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు, చక్కెరలు, ప్రొటీన్లు ఈ రెండు పనులూ చేస్తాయి. 2004లో పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతో బంగారు, వెండి రేణువులు చేసింది. నిమ్మగడ్డితో అదే బృందం మూడు కోణాల బంగారు పలకలు చేస్తే నేచర్ మెటీరియల్స్ పత్రిక అచ్చు వేసింది. తర్వాత చింతాకు వచ్చింది, ఉసిరి వచ్చింది. మన రాష్ట్ర పుష్పం తంగేడు ఆకుతో చేసిన బంగారు రేణువుల మీద 2011లో పత్రం వచ్చింది. హోలీకి రంగు తీసే మోదుగ చెట్టు ఆకుతో హైదరాబాద్ తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) వాళ్లు బంగారు, వెండి రేణువులు చేసి, క్యాన్సర్ మందును మోసుకెళ్లడానికి పనికొస్తాయా అని 2015లో చూశారు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది కొండగోగు కథ. ఎండు అడవుల్లో, రాళ్ల గుట్టల మీద పెరిగే చెట్టు అది. ఆకంతా రాలిపోయాక పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది. బెరడు నుంచి కారే బంకను అడవి మీద బతికేవాళ్లు ఏరి అమ్ముతారు. ఉస్మానియా యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగానికి చెందిన ఆర్.బి. శశిధర్, ఆయనతో పనిచేసినవాళ్లు ఈ బంక మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. బంక నీళ్లలోని భారలోహాలను పట్టి ఉంచుతుందని ముందు చూశారు. తర్వాత 2011లో ఇదే బంకతో వెండి, బంగారం, ప్లాటినం మూడింటికీ నానో రేణువులు చేశారు. వేరే రసాయనం ఏదీ కలపలేదు. ఎలక్ట్రాన్లు ఇచ్చిందీ, పొర కప్పిందీ బంకే.

2014లో టాలంటా అనే పత్రికలో వచ్చిన వాళ్ల పత్రం మన విషయానికి సూటిగా తగులుతుంది. ఉస్మానియా వాళ్లు, భాభా అణు పరిశోధన కేంద్రం కింద హైదరాబాద్‌లో పదార్థాల కూర్పును పరీక్షించే జాతీయ కేంద్రం వాళ్లు కలిసి చేసిన పని అది. లోహం బంగారం కాదు, వెండి. సూత్రం కూడా కొంచెం వేరు. కొండగోగు బంకతో చేసిన వెండి రేణువులు సుమారు 5 నానోమీటర్లు, నీళ్లలో మంచి పసుపు రంగులో ఉంటాయి. పాదరసపు అయాన్లు తగలగానే వెండి నుంచి ఎలక్ట్రాన్లు పాదరసానికి పోతాయి, రేణువులు కరుగుతాయి, పసుపు వెలిసిపోతుంది. పాదరసం ఎంత ఎక్కువైతే రంగు అంత తగ్గుతుంది. సోడియం, పొటాషియం, మెగ్నీషియం లాంటి మామూలు అయాన్లు ఉన్నా రంగు కదల్లేదు. భూగర్భజలాల నమూనాల మీద కూడా పరీక్షించి చూశారు.

ఇలాంటి పత్రం చదివినప్పుడు నేను వెంటనే వెతికేది ఒక్క అంకె కోసం. ఎంత తక్కువ లోహాన్ని లెక్కగా చెప్పగలదు? ఈ పరీక్షకు ఆ అంకె లీటరుకు సుమారు 50 నానోమోల్. మైక్రోగ్రాముల్లోకి మారిస్తే 10. తాగునీటిలో పాదరసానికి గీత 1 అని మొదట్లోనే చెప్పాను. అంటే ఈ పరీక్షలో రంగు వెలవనంత మాత్రాన బిందెలో నీళ్లు మంచివని చెప్పకూడదు. గీతకు అయిదు రెట్లు, ఆరు రెట్లు పాదరసం ఉన్నా ఇది లెక్క తేల్చలేదు.

అలాగని పక్కన పడేయొద్దు. ఫ్యాక్టరీలు వాగుల్లోకి, నదుల్లోకి వదిలే నీటికి వేరే ప్రమాణాలున్నాయి. 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం వదిలే నీటిలో పాదరసానికి పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే సరిగ్గా 10 మైక్రోగ్రాములు. కొండగోగు వెండి చూడగలిగే చోటే చట్టం గీసిన గీత కూడా ఉంది. సీసానికి ఆ గీత 100 మైక్రోగ్రాములు. బంగారు రేణువులతో వచ్చిన సీసం పరీక్షల్లో చాలావాటికి మైక్రోమోల్ స్థాయిలో రంగు మారుతుంది. ఒక మైక్రోమోల్ సీసం అంటే లీటరుకు 207 మైక్రోగ్రాములు. తాగునీటి గీతకు అది ఇరవై రెట్లు. వాగులోకి వదిలే నీటి గీతకు రెండు రెట్లే. బాగా కుదిరిన పరీక్ష దానికి ఇంకా దిగువకు కూడా పోగలదు.

అందుకే ఈ పరీక్షకు తగిన చోటు వంటింటి బిందె కాదు, వాగులోకి తూము తెరుచుకునే చోటు అని నా గట్టి అభిప్రాయం. "ఇంట్లోనే మీ నీటిలో సీసం తెలుసుకోండి" అనే మాట వినడానికి బాగుంటుంది. ఈ రోజుకు అది జనానికి తప్పుడు ధైర్యం ఇచ్చే మాట. నక్కవాగు ఒడ్డున మాత్రం ఇదే సీసా గొప్ప కాపలాదారు. వ్యర్థాలు రాత్రిపూట, వాన పడుతున్నప్పుడు వదులుతారని ఆ పక్క ఊళ్లవాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. నెలకోసారి పగటిపూట తీసిన నమూనా, ఎంత గొప్ప యంత్రంలో పెట్టినా, ఆ రాత్రిని చూడలేదు. గంట గంటకూ నీళ్లు ముంచి, రంగు చూసి, ఇదిగో ఈ వేళకు మారింది అని చెప్పగలిగితే, అప్పుడు తీసిన నమూనానే యంత్రానికి పంపొచ్చు.

ఖర్చు మాటకొస్తే, బంగారం అనగానే అందరూ భయపడతారు. లెక్క వేసి చూద్దాం. క్లోరోఆరిక్ ఆమ్లం స్ఫటికాల్లో సగం బరువు బంగారం. ఒక గ్రాము స్ఫటికాలతో, పరీక్షకు సరిపడే పలుచని ద్రావణం సుమారు 10 లీటర్లు వస్తుంది. ఒక్కో పరీక్షకు ఒక మిల్లీలీటరు చొప్పున 10,000 పరీక్షలు. అరగ్రాము బంగారంతో పదివేల పరీక్షలు! ఖర్చంతా మిగతా వాటికే: డిస్టిల్డ్ వాటర్, శుభ్రమైన గాజు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ పని నేర్చిన మనిషి.

యూనివర్సిటీలో పరిశోధన చేసే స్నేహితురాలు కొంచెం బంగారపు ద్రావణం ఇస్తే, మా పిల్లలకు ఇదంతా చేసి చూపించాను. కాలేజీ దారిలో తంగేడు పొదలకు కొదవ లేదు. ఆకు కోసి, కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో పది నిమిషాలు మరిగించి, వడపోత కాగితంలో వడగట్టాం. లేత పసుపు రంగు బంగారపు ద్రావణంలో కొంచెం కషాయం పోశాం. పసుపు పోయింది, బూడిద ఛాయ వచ్చింది, చూస్తుండగానే ముదురు ఎరుపు తిరిగింది. "మేడం, బంగారం ఎర్రగుంటదా?" అని వెనక బెంచీలోని అమ్మాయి లేచి ముందుకొచ్చింది. ఆ రంగును పిల్లలు కళ్లప్పగించి చూశారు. పీరియాడిక్ టేబుల్‌లో 79వ గడి ఆ పూట వాళ్లకు ప్రాణం పోసుకుంది.

తర్వాత మూడు పరీక్ష నాళికలు పెట్టాను. మొదటి దానిలో ఉత్త డిస్టిల్డ్ వాటర్. రెండో దానిలో అదే నీటిలో కొంచెం లెడ్ నైట్రేట్. మూడో దానిలో మా బోరు నీళ్లు. మూడింటిలో ఎర్ర బంగారం పోశాం. మొదటిది ఎర్రగానే ఉంది. రెండోది నీలం తిరిగింది. మూడోది కూడా, కాస్త నిదానంగా, నీలం వైపే జరిగింది. తరగతి ఒక్కసారి నిశ్శబ్దమైంది. "అయితే మన బోరుల సీసమున్నట్టేనా మేడం?" అని ఒక పిల్లాడు అడిగాడు. వాళ్ల చేత ఆ ప్రశ్న అడిగించాలనే మూడో నాళిక పెట్టాను.

జవాబు నేను చెప్పలేదు, ఇంకో నాళికలో చూపించాను. డిస్టిల్డ్ వాటర్‌లో మా బోరు గరుకుదనానికి సరిపడా కాల్షియం క్లోరైడ్ మాత్రమే కలిపి, అందులో ఎర్ర బంగారం పోశాం. అదీ నీలం తిరిగింది. ఫారడే ఉప్పుతో చూసింది ఇదే. మా నేల నీళ్లు గరుకు. కుండ అడుగున, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది ఆ కాల్షియమే. కాల్షియానికీ రెండు ధనావేశాలున్నాయి, అదీ రెండు పొరలను కలిపి పట్టగలదు. సీసానికన్నా దాని పట్టు బలహీనం, కానీ నీళ్లలో అది సీసానికన్నా వేల రెట్లు ఎక్కువ. ఈ సంగతి తెలియకుండా ఊళ్లోకి ఎర్ర సీసా పట్టుకుపోతే ప్రతి బోరులోనూ సీసం ఉన్నట్టే కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. పొర పలుచగా ఉంటే గరుకు నీళ్లే రేణువులను కలిపేస్తాయి. మొక్క పదార్థం మందంగా కప్పితే గరుకు నీళ్లను తట్టుకుంటాయి, కానీ అప్పుడు సీసం కూడా వాటిని దగ్గరికి లాగలేదు. ఈ రెండింటి మధ్య సరిగ్గా నిలబడే రేణువులు చేయడమే విద్య. మొక్కతో అది ఇంకా కష్టం. వానాకాలపు తంగేడు, ఎండాకాలపు తంగేడు ఒకటి కావు. లేతాకు, ముదురాకు ఒకటి కావు. వాటిలో పాలీఫినాల్స్ పాళ్లు మారతాయి, దానితో రేణువుల సైజూ పొరా మారతాయి. ఈ వారం చేసిన సీసా, వచ్చే నెల చేసిన సీసా ఒకే నీటికి ఒకే జవాబు ఇస్తాయన్న హామీ ఉండదు. పరిశోధన పత్రాలు ఏటా కుప్పలుగా వస్తున్నాయి, కొత్త ఆకు, కొత్త రంగు. మన నీళ్లలో, మన గరుకుదనంలో, ఒకే రకంగా మళ్లీ మళ్లీ పనిచేసిందని చూపించేవి అందులో తక్కువ. ఇంకో ఆకు కన్నా ఇప్పుడు మనకు కావలసింది ఆ ఓపికైన పని. అది కొండగోగుతో హైదరాబాద్‌లోనే మొదలైంది, జిల్లా కాలేజీల్లో కొనసాగగలదు.

చేసే పద్ధతులు లేకపోలేదు. ప్రతి కొత్త సీసాను బయటికి తీసే ముందు, తెలిసినంత సీసం కలిపిన నీటితో సరిచూసి, ఎంతకు మారిందో సీసా మీద రాయాలి. పరీక్షించే నీళ్ల పక్కన, అంతే గరుకుదనం ఉన్న మంచి నీళ్లు ఇంకో నాళికలో ఉండాలి. ఒక్క రంగు చూసి తీర్పు చెప్పొద్దు, రెండింటి మధ్య తేడా చూడాలి. నక్కవాగు విషయంలో ఆ రెండో నాళిక నీళ్లు తూముకు ఎగువన, అదే వాగులో ముంచుకోవచ్చు. రంగు తేడాను కంటికి వదిలేయకుండా ఫోన్ కెమెరాతో ఒకే వెలుతురులో ఫోటో తీస్తే, ఎరుపు నీలాల పాళ్లను అంకెలుగా చూడొచ్చు.

మొక్కతో చేసింది కాబట్టి అంతా పచ్చనిదే అనుకోవడం కూడా సరికాదు. బంగారాన్ని రాయి నుంచి తీయడానికి సైనైడ్ వాడతారు. 2001లో మూతపడిన కోలార్ గనుల దగ్గర ఆ వ్యర్థాల గుట్టలు ఇంకా ఉన్నాయి. ఆకు చేసిన మేలు చివరి మెట్టు దగ్గర మాత్రమే. మా ల్యాబులో లెడ్ నైట్రేట్ కలిపిన నాళికలను సింకులో పోయనివ్వలేదు. వేరే డబ్బాలో పోయించి, మూత పెట్టించి, పేరు రాయించాను. సీసం కోసం వెతికే చదువు వాగులోకి సీసం పంపకూడదు. బంగారం ఉన్న ద్రావణాలు ఇంకో సీసాలో చేరుతున్నాయి, దాని నుంచి బంగారం తిరిగి తీయొచ్చు.

పెద్దబాపు ప్రశ్నకు ఎర్ర సీసాతో జవాబు చెప్పే ధైర్యం నేను చేయను. నిజాంసాగర్ లాంటి పెద్ద జలాశయానికి రంగు పరీక్ష సరిపోదు. ఇంత దూరం వచ్చేసరికి నీళ్లు పలుచబడతాయి, లోహాలు చాలావరకు ఒండ్రులోకి దిగిపోతాయి. అందుకని ఆయనకు యంత్రపు పరీక్ష కోసం నమూనా తీయడం నేర్పాను. ఇది ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎండాకాలం చివర, నీళ్లు అడుగంటినప్పుడు ఒకసారి, తొలి వరద ఒండ్రును లేపి తెచ్చినప్పుడు ఒకసారి తీయాలి. గాజు వద్దు, పరీక్షశాల ఇచ్చిన శుభ్రమైన ప్లాస్టిక్ సీసానే వాడాలి. అదే నీళ్లతో సీసాను తొలిచి, ఒడ్డు బురద కదలకుండా కొంచెం లోపలికి పోయి ముంచాలి. లోహం సీసా గోడలకు అంటుకుపోకుండా అందులో నైట్రిక్ ఆమ్లం చుక్కలు పడాలి. ఆ పని పరీక్షశాల వాళ్ల చేత చేయించుకోవాలి, చేత్తో ముట్టొద్దు. పాదరసం కోసమైతే వేరే సీసా, వేరే పద్ధతి ఉంటాయి, ముందే అడగాలి. కోర్టులో నిలబడే నమూనా కావాలంటే మాత్రం మనం తీసింది చెల్లదు. 1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారులే వచ్చి తీయాలి. వాళ్లను ఏ రోజు, ఏ వేళకు పిలవాలో చెప్పడానికే మన పరీక్ష. చేపలనూ విడిగా పరీక్షకు పంపాలి, ఎందుకంటే పాదరసం నీళ్లలో కన్నా చేప కండలో ఎక్కువగా చేరుతుంది. సీసా మీద ఊరి పేరు, రేవు పేరు, తేదీ, వేళ, ముందురోజు వాన పడిందా లేదా అన్నది తడికి చెరగని సిరాతో రాయాలి. ఆ అయిదూ లేని నమూనా వచ్చిందంటే ల్యాబు వాళ్లకు అంకె దొరుకుతుంది కానీ, ఆ అంకె ఏ నీళ్లదో ఎవరూ చెప్పలేరు.